కోడిపందేలు: తగువు కత్తి దగ్గరే ఎందుకు ఆగింది

సంక్రాంతి పండగ దగ్గరపడగానే భీమవరం, ఉండి, అమలాపురం వైపు మళ్లీ అదే మాట: "కత్తి కట్టకుండా ఆడుకుంటే తప్పేంటండీ?" పలనాటి నాయకురాలి పుంజు దగ్గర్నుంచి ఎత్తుకోనక్కర్లేదు, ఆ కథ అందరికీ తెలిసిందే. పుంజులకు పెట్టే బాదంపప్పు, కైమా మేపుల ముచ్చటా ఏటా రాసేదే. ఇప్పటి తగువుకు మొదలు 2016 డిసెంబరు చివర్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన తీర్పు.

అంతకుముందు పందేలు ఆపడమంటే పోలీసు బందోబస్తు వ్యవహారం. ఎస్సై గట్టివాడైతే బరి పక్క ఊరికి మారేది, అంతే. హైకోర్టు ఈ పనిని రెవెన్యూవాళ్ల మెడకు కూడా చుట్టింది. మండలానికో సంయుక్త తనిఖీ బృందం ఉండాలని, అందులో తహసీల్దారుతో పాటు పోలీసులు, జంతు సంక్షేమం తరఫు మనుషులు ఉండాలని, చూసినదాన్ని చిత్రీకరించాలని, అవసరమైతే జనం గుమిగూడకుండా 144 సెక్షన్ పెట్టాలని చెప్పింది. ఎవరు బాధ్యులో తేలింది. కానీ కేసు నడిచింది జంతుహింస చట్టం దారిలో. దాంతో చర్చంతా పుంజు చుట్టూ, పుంజు కాలికి కట్టే కత్తి చుట్టూ బిగుసుకుపోయింది. బరి పక్క డేరాల్లో నడిచే డబ్బు పక్కకు తప్పుకుంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడి నుంచి ఊళ్లకు చేరిన సారాంశం మాత్రం ఒక్కటే: కత్తి లేకపోతే సంప్రదాయం.

చట్టం చదివితే అలా లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11(1) సెక్షన్‌లో 'ఎం' క్లాజు వినోదం కోసం ఒక జంతువును మరొకదాని మీదికి ఉసిగొల్పడమే నేరమంటుంది. కత్తి ప్రస్తావనే లేదు. కాబట్టి కత్తి కట్టని డింకీ పందెమూ అందులోకి వస్తుంది. 'ఎన్' క్లాజు పందేనికి చోటు ఏర్పాటు చేసేవాళ్లకు, నడిపేవాళ్లకు. ఈ రెంటి తేడా స్టేషన్‌లో బాగా తెలుస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం 'ఎన్' కింద వారంటు లేకుండా పట్టుకోవచ్చు, 'ఎం' కింద కుదరదు. అంటే బరి పెట్టినవాణ్ని పట్టుకోవడానికి చట్టం దారి ఇచ్చింది. పుంజు వదిలినవాణ్ని పట్టుకోవాలంటే జూద చట్టమో మరొకటో కావాలి. జరిగేది మాత్రం తిరగబడి ఉంటుంది: కేసు కాగితంలో పుంజులు, కత్తులు, నాలుగు వేల నగదు, ఐదారుగురు కుర్రాళ్లు. బరి వేసిన ఆసామి పేరు కనబడదు.

ఇక శిక్ష. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 25 నుంచి 100, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. దశాబ్దాల కిందట వేసిన అంకెలే ఇప్పటికీ. బరి దగ్గర పకోడీ పొట్లానికి ఇంతకన్నా ఎక్కువవుతుంది.

ఇంతకీ కత్తి ఎందుకు కడతారు? పౌరుషం కోసమంటారు. అసలు కారణం గడియారం. కత్తి కట్టిన పందెం చాలాసార్లు కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. డింకీలో పుంజులు అలసి, ముక్కులు పొడుచుకుంటూ ఎంతసేపైనా సాగదీస్తాయి. బరి నడిపేవాడి రాబడి గెలిచిన సొమ్ములో తీసే వాటా మీద, గుండాట, కోతాట లాంటి జూదాల డేరాలకు పాడిన వేలం పాట మీద, మందు కొట్టు మీద, బండ్లు పెట్టుకునే చోటు మీద ఆధారపడి ఉంటుంది. పందేలు ఎన్ని ఎక్కువ తెగితే పై పందేలు (చుట్టూ ఉన్న జనం కాసేవి) అన్నిసార్లు తిరుగుతాయి, జనం అంతసేపు నిలుస్తారు. కత్తి తీసేస్తే బరి లెక్క కుదరదు. అందుకే భోగి పొద్దున నాలుగు డింకీలు వదిలి ఫొటోలు తీయించుకోవడం, ఎండెక్కాక దారం చుట్టి కత్తి కట్టడం. ఆ కత్తికి మనుషులూ బలవుతున్నారు. 2020 సంక్రాంతికి మెట్టలో చింతలపూడి మండలం ప్రగడవరంలో పుంజు కాలి కత్తి తగిలి ఒకరు చనిపోయారు.

డబ్బును పట్టుకోవడానికి చట్టం లేకపోలేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం ఉంది. దానిలో 3వ సెక్షన్ జూదగృహం నడిపేవాడికి. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆపేందుకు 2020లో సవరించినప్పుడు నిర్వాహకుడికి మొదటిసారికి ఏడాది, రెండోసారికి రెండేళ్ల దాకా జైలు అన్నారు. కానీ ఆ సెక్షన్ నిలబడాలంటే చోటు ఇచ్చినవాడు లాభం తీసుకున్నాడని చూపాలి: డేరా పాట ఎవరికి కట్టారు, వాటా ఎవరి చేతిలో పడింది, పొలం కౌలు ఎవరిది. ఇది మూడు రోజుల ముందు నుంచి మనిషిని లోపల పెట్టి చేయాల్సిన పని. అదే చట్టంలో 9(1) సెక్షన్ అయితే జనం వచ్చే చోట జూదమాడుతూ దొరికితే చాలు. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వచ్చేస్తారు. కాబట్టి 9(1)కే మొగ్గు. దానికీ ఓ చిక్కుంది. కోనసీమలో బరి కొబ్బరితోటలో వేస్తారు. 'ఇది నా సొంత తోట, అందరూ వచ్చే చోటు కాదు' అని ప్రతివాదం.

మిగిలింది బైండోవర్, అంటే గొడవకు దిగబోమని ముందే బాండు రాయించుకోవడం. డిసెంబరు మొదట్లోనే పాత కేసులవాళ్లను, కత్తులు కట్టేవాళ్లను తహసీల్దారు ముందు నిలబెడతారు. ఒకప్పుడు నేర విచారణ స్మృతిలో 107వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 126. గరిష్ఠంగా ఏడాదికి బాండు రాయించుకుంటారు. లెక్క పైకి బాగుంటుంది, పత్రికలకు పంపడానికి పనికొస్తుంది. బాండు తప్పినవాడి సొమ్ము జప్తు కావాలంటే పందెం దగ్గర అతనే ఉన్నాడని రుజువుతో మళ్లీ తహసీల్దారు ముందుకు రావాలి. అలా వచ్చే కాగితాలు అరుదు. 144 స్థానంలో వచ్చిన 163 ఉత్తర్వుదీ అదే బాధ. దాన్ని ధిక్కరించారని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఎస్సై ఎఫ్‌ఐఆర్ చాలదు. బరి ప్రారంభానికి ఏ నాయకుడు వచ్చాడో తెలిసిన తహసీల్దారు ఆ ఫిర్యాదు మీద సంతకం పెట్టడానికి ఎంత ఆలోచిస్తాడో చెప్పక్కర్లేదు.

బరివాళ్ల మాటా ఉంది. అల్లుళ్లు, హైదరాబాదు బంధువులు వచ్చేది దీనికేనని, పుంజులు పెంచేవాళ్లకు ఏడాది కూడు ఇదేనని అంటారు. తమిళనాడు జల్లికట్టును చూపిస్తారు. తమిళనాడు 2017లో చట్టాన్ని సవరించుకుంది, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. మన శాసనసభ పుంజుల కోసం అలాంటి సవరణేదీ చేయలేదు. అక్కడ ఒప్పుకున్నది ఎద్దును, దాని మీద పందెం కాయడాన్ని కాదు.

పట్టుకున్న పుంజులది ఇంకో తంటా. అవి ముద్దాయిలు కావు, కేసు సొత్తు. ఎవరో ఒకరు మేపాలి, విడిగా కట్టేయాలి, లేకపోతే స్టేషన్ ఆవరణలోనే కొట్టుకుంటాయి. కోర్టు అనుమతితో వేలం వేస్తే పాడుకోవడానికి వచ్చేది పందెంరాయుళ్లే. కూరకు కొనేవాడు ఆ ధర పెట్టడు.

జంతుహింస చట్టంలో 36వ సెక్షన్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేరం జరిగిన మూడు నెలలు దాటితే ఆ చట్టం కింద కేసు వేయడానికి వీల్లేదు. కనుమ నాటి పందేనికి ఆ గడువు ఏప్రిల్ మధ్యలో, దాళ్వా (రెండో పంట వరి) కోతల వేళకు తీరిపోతుంది.