అంబలికి వేషం వెయ్యొద్దు

తిరుపతి

బంగారు తల్లులకు, నాయనలకు,

అవ్వ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో అడిగారు కదా, జాతరకు అందరం కలుస్తున్నాం, ఈసారి తాగేవాటిలో కూడా జాతర కళ ఉట్టిపడాలి, ఏం చేద్దామని. అంగట్లో దొరికే ఎర్రరంగు, పచ్చరంగు సీసాలు తెమ్మంటారా అని కూడా అడిగారు. తేవద్దు. రంగులు మన గంగమ్మ జాతరలోనే ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నా.

చాటింపు అయ్యాక రోజుకో వేషం కడతారు, చూశారుగా. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంసుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో రూపంలో తిరిగిందనీ, దొరలా వచ్చినప్పుడు వాడు దాక్కున్న చోటినుంచి బయటికొచ్చి దొరికిపోయాడనీ మా అమ్మ చెప్పేది. తెలుపు, ఎరుపు, నలుపు, గంధం. ఈ నాలుగు రంగులూ మన వంటింట్లో ఉన్నవే.

తెలుపుకి మజ్జిగ. గ్లాసు పెరుగుకి నాలుగు గ్లాసుల నీళ్లు పోసి కవ్వంతో చిలకండి, మిక్సీ వద్దు. అల్లం, కరివేపాకు, ఒక పచ్చిమిరపకాయ కచ్చాపచ్చాగా దంచి కలిపి, వడగట్టి, చిటికెడు ఇంగువ వెయ్యండి. ఉప్పు మాత్రం ఇచ్చే ముందు. మీ తాతకు షుగర్ కాబట్టి ఆయనకు ఇదే, తీపివి చూపించి ఊరించొద్దు.

ఎరుపుకి పుచ్చకాయ. గింజలు ముందే తీసెయ్యండి, మిక్సీలో నలిగితే చేదొస్తుంది. నీళ్లు పొయ్యొద్దు, నిమ్మరసం నాలుగు చుక్కలు చాలు. జనం వచ్చి కూర్చున్నాకే చెయ్యండి, నిలవుంటే పైన నురుగు, కింద నీళ్లు అయిపోతుంది.

నలుపు దగ్గర కాస్త ఆగాలి. అది నన్నారి, సుగంధి వేరుతో చేసే షర్బత్. తిరుపతిలో పుట్టినవాళ్లకు ఎండాకాలం అంటే ఆ వాసనే. వేరు తెచ్చుకుని మీ చేతులతో చేసి చూడండి, సీసాలో కొన్నదానికీ దీనికీ పోలికే లేదు. వంద గ్రాముల వేర్లు మట్టి పోయేలా మూడుసార్లు కడిగి, రోకలిబండతో ఒక్కొక్కదాన్నీ మెల్లగా కొట్టండి. పైబెరడు చిట్లి, లోపలున్న తెల్లటి పుల్ల ఊడొస్తుంది. పుల్ల పారెయ్యండి, వాసనంతా బెరడులోనే. బెరడు చిట్లినప్పుడు ఒక్కసారిగా గుప్పుమంటుంది, ఆ క్షణం కోసమైనా ఈ పని పిల్లలే చెయ్యాలని నా కోరిక.

ఆ బెరడుని గిన్నెలో వేసి, మసులుతున్న నీళ్లు అర లీటరు పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యండి. గంటలకొద్దీ పొయ్యి మీద ఉడికిస్తే వాసన ఆవిరితో పోతుంది, మిగిలేది రంగే. పొద్దున పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. ముప్పావు కిలో చక్కెర, పావు కిలో ముదురు రంగు బెల్లం కొంచెం నీళ్లతో కరిగించి వడగట్టి (బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి) చేతికి జిగురుగా తగిలేదాకా పాకం పట్టండి. అప్పుడు వేర్ల నీళ్లు పోసి, ఒక్క పొంగు రానిచ్చి దించెయ్యండి. ఒక నిమ్మకాయ పిండితే పాకం గడ్డకట్టదు. తడిలేని గాజు సీసాలో పోసుకోవాలి.

గ్లాసుకి రెండు మూడు చెంచాల పాకం, కుండ నీళ్లు, అర చెక్క నిమ్మరసం, పైన నానిన సబ్జా గింజలు. ఆ నల్లటి చుక్కలు తేలుతుంటే బొగ్గు చిలకరించినట్టే ఉంటుంది. సబ్జా పావుగంటైనా నానాలి. పొడి గింజలు చిన్నపిల్లల నోట్లో పడనివ్వద్దు, గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి.

గంధం రంగుకి మన చిత్తూరు బెంగుళూరా మామిడికాయ. పచ్చికాయ ఉడికించి, గుజ్జు తీసి, చక్కెర, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఇందులో బెల్లం వేస్తే రుచికి లోటు లేదు గానీ గంధం రంగు పోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక ఏడాది జాతరకు ఈ మామిడికాయ పానకాన్నే ఇత్తడి గుండిగలో కలిపి పొద్దున్నుంచి సాయంత్రందాకా ఉంచాను. గుండిగ లోపల కళాయి పోయిందని చూసుకోలేదు. పులుపు ఇత్తడిని తింటుంది, చిలుము దిగుతుంది. మీ అమ్మ అప్పుడు రెండో తరగతి. రాత్రంతా వాంతులు. ఆ రాత్రి నేనెప్పటికీ మరిచిపోలేను. అందుకే పులుపున్నది ఏదైనా స్టీలులో, గాజులో, మట్టిలో. ఇత్తడి బిందె అందంగా కనబడాలనుకుంటే అందులో పూలు పెట్టండి.

ఈ నాలుగూ మీ ఇష్టం, గ్లాసులకు వేపాకు కట్టుకోండి, పేర్లు రాసుకోండి. అంబలికి మాత్రం ఏ వేషమూ వెయ్యొద్దు. అది గంగమ్మకు పెట్టేది. గ్లాసు రాగిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో రాత్రే కలిపి పులవనివ్వాలి. పొద్దున ఆరు గ్లాసుల నీళ్లు మసిలించి, గుప్పెడు బియ్యపు నూకలు వేసి, మెత్తబడ్డాక పులిసిన పిండి పోస్తూ ఆపకుండా తిప్పాలి. ఒకరు పొయ్యాలి, ఒకరు తిప్పాలి, ఒక్కరితో అయ్యే పని కాదు, ఉండ కట్టేస్తుంది. పచ్చివాసన పోయి మెరుపు వచ్చాక దించి, పూర్తిగా చల్లారాకే మజ్జిగ కలపండి. వేడి మీద పోస్తే విరిగిపోతుంది. ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, అంతే. చాక్లెట్ పొడి వేస్తే చిన్నవాళ్లు తాగుతారని ఒకరన్నారు మీలో. వద్దు నాయనా. ఈ కత్తిరి ఎండలో బరువులు మోసి వచ్చినవాళ్లు మన గడప ముందు చెంబుడు తాగి నిలబడేది ఈ రుచికే. మన గ్లాసుల ముచ్చట మేడ మీద చేసుకుందాం, అంబలి కుండ మాత్రం వీధి అరుగు మీదే ఉంటుంది. వేషం కట్టినవాళ్లు వస్తే ముందు వాళ్లకు పొయ్యాలి, వాళ్లు ఎండలో ఇల్లిల్లూ తిరుగుతుంటారు.

మంగళవారం రాత్రి చాటింపు. అది వేశాక పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదంటారు, కాబట్టి మంగళవారం పొద్దుగూకేలోపు వచ్చెయ్యండి, మళ్లీ జాతర అయ్యాకే ప్రయాణం. నన్నారి వేర్లు తెచ్చి పెట్టాను, ఇంకా కొట్టలేదు. రోకలిబండ మీకోసం కడిగి ఎండలో పెట్టాను.

మీ అవ్వ