సిల్వర్ క్లే మీద మీనా పని: అపోహలు – వాస్తవాలు

అమలాపురంలో కూర్చుని సిల్వర్ క్లేతో నగలు చేస్తాను, వాటి మీద మీనా (గాజు పొడిని కరిగించి వేసే రంగు పని) వేస్తాను అంటే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "మట్టి నగకి వెండి రేటేంటండీ?"

అపోహ: ఇది వెండి పూత పూసిన మట్టి.

వాస్తవం: మట్టి పేరులోనే ఉంది. మెత్తటి వెండి పొడి, నీళ్లు, కాలితే పోయే జిగురు కలిపిన ముద్ద ఇది. 1990ల మొదట్లో జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ తయారుచేసింది. కాల్చినప్పుడు జిగురు పోయి, వెండి రేణువులు కరక్కుండానే ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. మామూలు రకంలో మిగిలేది 999 వెండి, అంటే దాదాపు స్వచ్ఛమైన వెండి. సైజులో మాత్రం సుమారు పదో వంతు తగ్గిపోతుంది.

అపోహ: 925 వెండి గట్టిది, మీనాకి అదే మేలు.

వాస్తవం: అందులో 7.5 శాతం ఉండేది ఎక్కువగా రాగి. కాల్చిన ప్రతిసారీ అది నల్లబడి, మీనా అడుగున మరకలా కనబడుతుంది. 999తో ఆ గొడవ లేదు. కాకపోతే మెత్తన. వెండి వంగుతుంది, పైనున్న గాజు వంగదు, పెచ్చులూడుతుంది. అందుకే మెట్టెలకీ రోజూ పెట్టుకునే ఉంగరాలకీ మీనా వద్దనే చెబుతాను. లాకెట్లకీ చెవిదిద్దులకీ భయం లేదు.

అపోహ: గ్యాస్ టార్చ్ మంటతో కాసేపు కాలిస్తే సరిపోతుంది.

వాస్తవం: పాడైన పనుల్లో చాలావాటికి మొదలు ఇక్కడే ఉంటుంది, తిట్లు మాత్రం మీనా తింటుంది. క్లేతో చేసిన వెండి లోపల సన్నగా గుల్లగా ఉంటుంది. ఆ గుల్లలో చిక్కిన గాలి, గాజు కరిగేటప్పుడు బుడగలై పైకొస్తుంది. ఆ గుల్ల తగ్గాలనే మీనా వేసే నగని నేను కిల్న్‌లో (చిన్న కొలిమిలో) 900 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచుతాను. వెండి 962 దగ్గర కరిగిపోతుంది కాబట్టి కిల్న్ మీటరు నమ్మకమైనది కావాలి. తర్వాత సబ్బు నురగతో ఇత్తడి బ్రష్షు పట్టాలి (నురగ లేకుండా రుద్దితే ఇత్తడి పసుపు అంటుకుంటుంది). మీనా కూర్చే గుంటని నున్నటి ఉక్కు కడ్డీతో అదిమి రుద్ది, మళ్లీ శుభ్రంగా కడగాలి. నీటి చుక్క వేస్తే గుండ్రంగా నిలవకుండా పరుచుకుందా, అప్పుడు మీనా పట్టండి.

అపోహ: మీనా అంటే ఒకరకం పెయింటు.

వాస్తవం: అది గాజు పొడి. సుమారు 750–850 డిగ్రీల్లో ఒకట్రెండు నిమిషాల్లో కరుగుతుంది. ముందు పంచదారలా గరుకుగా ఉంటుంది, తర్వాత గుంటలు పడుతుంది, ఆఖరికి తడిసినట్టు మెరుస్తుంది. అప్పుడే తీసెయ్యాలి. తీశాక నీళ్లలో ముంచకండి, పగుళ్లిస్తుంది.

ఆ పొడిని ముందు కడగాలి. నీళ్లు పోసి కలిపితే తెల్లగా పాలలా తేలే నలకే రంగుని మసకబారుస్తుంది. తేట నీళ్లు దిగేదాకా వంచి పోయడమే. మన కాలవ నీళ్లు దీనికి పనికిరావు, వరద రోజుల్లో వచ్చే ఎర్రనీళ్లు అసలే వద్దు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి.

అపోహ: ఏ రంగైనా వెండి మీద ఒకేలా వస్తుంది.

వాస్తవం: నీలం, ఆకుపచ్చ వెండి మీద వెలిగిపోతాయి. వెలుగు దూరే ఎరుపు మాత్రం పసుపు, గోధుమ వైపు తిరుగుతుంది. అడుగున రంగులేని మీనా ఒక పొర వేస్తే కొంత నయం. అసలు కెంపు రంగే కావాలంటే బంగారు రేకు పరవాలి. ఆ ఖరీదు ముందే చెప్పేస్తాను.

అపోహ: నగని తగిలించే కొంకి తర్వాత టంకం పెట్టుకోవచ్చు.

వాస్తవం: టంకం వేడికి మీనా చిట్లుతుంది. ముందే మామూలు టంకం పెడితే మీనా వేడికి అది కరిగి కొంకి జారిపోతుంది. క్లే పచ్చిగా ఉన్నప్పుడే, అదే క్లేని నీళ్లతో పలచన చేసి కొంకి అతికించేయండి.