6.2 అంకె వెనక పదహారేళ్ల తగాదా

అమలాపురం దగ్గర ఉచిత క్యాంపులో రక్తం ఇచ్చిన కొబ్బరి రైతు ఒకాయన రిపోర్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు. వయసు 62. పీఎస్ఏ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) 6.2, పక్కనే ముదురు అక్షరాల్లో ‘హై’. వారం నుంచి జేబులోనే తిప్పుతున్నారేమో, కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. "ఇది క్యాన్సరేనాండీ?" అన్నారు.

2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని, ఆయన చివరిసారి పీఎస్ఏ చేయించుకున్నది 2014లోనని తెలిశాక పాత గొడవ మళ్లీ రాజుకుంది. యాభై దాటితే అందరూ చేయించుకోవాలని కొందరు, ఊరికే భయపెట్టొద్దని కొందరు.

అసలు మలుపు 2009 మార్చి. ఒకే వైద్య పత్రికలో రెండు పెద్ద అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి. పరీక్ష వల్ల మరణాలు తగ్గలేదని అమెరికా వాళ్లు, 20 శాతం తగ్గాయని యూరప్ వాళ్లు చెప్పారు. అమెరికా మాటే నెగ్గింది. 2012లో అక్కడి నిపుణుల బృందం ఈ పరీక్షే వద్దంది. "వద్దు" అనేవాళ్లు నేటికీ చూపించేది ఆ అమెరికా అధ్యయనాన్నే. కానీ ఆ అధ్యయనంలో పరీక్ష చేయకూడని గుంపులోనూ చాలామంది బయట సొంతంగా చేయించుకున్నారు. ఇక తేడా ఎలా కనిపిస్తుంది? 2018లో అదే బృందం మెత్తబడి, 55–69 ఏళ్లవాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చంది. 70 దాటితే మాత్రం వద్దనే చెప్పింది.

యూరప్ వాళ్లు లెక్క వదల్లేదు. 2025లో ఇచ్చిన 23 ఏళ్ల ఫలితాల ప్రకారం, 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక ప్రాణం దక్కుతోంది.

"వద్దు" వాళ్ల మాటలోనూ నిజముంది. యూరప్ వాళ్ల 2009 లెక్కలోనే ఒక్క ప్రాణానికి 48 మందికి అదనంగా వైద్యం చేయాల్సి వచ్చింది. ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగక, దాంపత్యం దెబ్బతిని నలిగేవాళ్లుంటారు. అయితే క్యాన్సర్ దొరికిన ప్రతివాళ్లకీ కత్తి పెట్టక్కర్లేదని 2023లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది. గ్రంథి దాటని క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, గమనిస్తూ ఉన్నా 15 ఏళ్లలో ఈ జబ్బుతో పోయినవాళ్లు ఏ గుంపులోనైనా సుమారు 3 శాతమే.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, వయసుతో గ్రంథి ఉబ్బినా పీఎస్ఏ పెరుగుతుంది. మా రైతుకి క్యాంపుకి ముందు పది రోజులుగా మూత్రంలో మంట. రక్తం తీసినవాళ్లు ఆ ఒక్క మాటా అడగలేదు. కాకినాడలో యూరాలజిస్టు అడిగారు. మందులిచ్చి, ఆరు వారాలాగి మళ్లీ రక్తం ఇవ్వమన్నారు. అప్పటికీ తగ్గకపోతే ముందు ఎంఆర్ఐ, అవసరమైతేనే ముక్క పరీక్ష (బయాప్సీ).