బంగారపు మోత ఎంతసేపు వినిపిస్తుంది?

తుపాను తీరం దాటాక కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున జనం వంగి ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత అక్కడ చిన్న చిన్న బంగారు పూసలు దొరికాయన్న వార్త దేశమంతా తిరిగింది. సముద్రం ఆ తీరాన్ని దశాబ్దాలుగా కోస్తూనే ఉంది. నీళ్లలో కలిసిపోయిన ఇళ్లు, గుళ్లలోని బంగారాన్నే అలలు తిరిగి పంపిస్తున్నాయని అక్కడివాళ్లు చెబుతారు. ఆ వార్త గుర్తుచేస్తూ ఒక పాఠకుడు అడిగారు: "అలాంటి చోట వెతకడానికి ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి? బంగారానికి ఒకటి, నాణేలకి ఒకటి, బీచ్‌కి ఒకటి అని వేర్వేరుగా అమ్ముతున్నారు. ఈ తేడా నిజమేనా, అమ్ముకోవడానికి చెప్పేదా?"

తేడా నిజమే. కానీ అది బంగారానికీ వెండికీ మధ్య ఉన్న తేడా కాదు. బంగారాన్ని బంగారంగా గుర్తుపట్టే డిటెక్టర్ ఈ రోజుకీ లేదు. ఆ యంత్రానికి తెలిసేది కాలం ఒక్కటే. లోహంలో పుట్టిన కరెంటు ఎంతసేపు బతికి ఉందో అది కొలుస్తుంది. ఇది పట్టుబడితే డిటెక్టర్ల గురించి మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

గుడిలో గంట కొట్టి చేయి తీసేశాక మోత కాసేపు ఉంటుంది కదా. పెద్ద గంటయితే చాలాసేపు, పూజ గదిలోని చేతిగంటయితే కొద్దిసేపు. గంటని చూడకుండా, ఆ మోత ఆరిపోయే తీరు విని మాత్రమే అది ఎంత గంటో చెప్పమంటే ఎలా ఉంటుందో, డిటెక్టర్ పని అలా ఉంటుంది. పల్స్ ఇండక్షన్ రకం డిటెక్టర్‌లో గుండ్రటి తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు పంపి టక్కున ఆపేస్తారు. అప్పటిదాకా ఉన్న అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ మార్పుని ఎదిరిస్తూ కింద ఉన్న లోహంలో గుండ్రంగా తిరిగే కరెంట్లు పుడతాయి. ఇవే ఎడ్డీ కరెంట్లు. గంట మోగేటప్పుడు కంపిస్తుంది, ఇక్కడ కంపనం ఏమీ లేదు, కరెంటు తగ్గుతూ పోతుందంతే. పోలిక ఆ ఆరిపోవడం వరకే. ఆరిపోతున్న ఆ కరెంటుకి కూడా ఒక బుల్లి అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది మళ్లీ తీగచుట్టకి తగిలినప్పుడు మన చెవిలో కూత వినిపిస్తుంది.

ఇంటర్‌లో, పుట్టిన కరెంటు తనని పుట్టించిన మార్పునే ఎదిరిస్తుందనే లెంజ్ నియమం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో ఎడ్డీ కరెంటుని కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది? ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిపోయిన లావుపాటి రాగి గొట్టం ముక్క ఒకటి, అందులో పట్టే నియోడిమియం అయస్కాంతం ఒకటి చాలు. అయస్కాంతాన్ని గొట్టంలో వదిలితే ఎక్కడా అంటుకోకుండానే నెమ్మదిగా జారుతూ దిగుతుంది. ఇది చూశాక ఆ నియమాన్ని ఏ పిల్లాడూ మర్చిపోడు. ప్రతి బడిలోనూ ఈ గొట్టం ఉండాలి.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. గుండ్రటి లోహపు ముక్కలో కరెంటు ఆరిపోవడానికి పట్టే కాలం రెండిటి మీద ఆధారపడుతుంది: లోహం ఎంత బాగా కరెంటుని పోనిస్తుందన్నది ఒకటి, వ్యాసార్థపు వర్గం రెండోది. వర్గం అన్నది గమనించండి, కథంతా అక్కడే ఉంది. 2 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న స్వచ్ఛమైన బంగారు గోళీ సుమారు 81 గ్రాములు తూగుతుంది. అందులో కరెంటు దాదాపు 520 మైక్రోసెకన్లకు మూడో వంతు పైచిలుకుకి తగ్గుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. అదే గోళీ అడ్డుకొలత 2 మిల్లీమీటర్లయితే బరువు 81 మిల్లీగ్రాములు, కాలం 5.2 మైక్రోసెకన్లు. 1 మిల్లీమీటరయితే బరువు 10 మిల్లీగ్రాములు, కాలం 1.3 మైక్రోసెకన్లు.

పల్స్ ఇండక్షన్ యంత్రానికి ఇక్కడే కష్టం. తన తీగచుట్టలోని కరెంటుని ఆపాక ఆ చుట్ట సద్దుమణగాలి, అప్పుడే అది వినడం మొదలుపెట్టగలదు. ఆ చెవిటి సమయం 10 మైక్రోసెకన్లు అనుకుందాం. 2 సెంటీమీటర్ల గోళీ అప్పటికి మోగుతూనే ఉంటుంది. 2 మిల్లీమీటర్ల రేణువులో ఏడో వంతు మిగులుతుంది. 1 మిల్లీమీటరు రేణువులో రెండు వేలలో ఒక వంతు కూడా మిగలదు. అది మోగి ఆరిపోయాక గానీ యంత్రం చెవి తెరవలేదు.

రెండో రకం వీఎల్ఎఫ్, అంటే వెరీ లో ఫ్రీక్వెన్సీ. ఇది కొట్టి ఆపే రకం కాదు, ఒకే లయలో ఆపకుండా పంపుతూనే ఉంటుంది. లోహం ఇచ్చే జవాబు ఆ లయకి ఎంత వెనకబడి వస్తుందో కొలుస్తుంది. చెవిటి సమయం లేదు కాబట్టి చిన్న రేణువులకి ఇదే నయం, అయితే లయ రేణువుకి సరిపోవాలి. 2 మిల్లీమీటర్ల బంగారు రేణువుకి తగిన పౌనఃపున్యం, అంటే లయ వేగం, సుమారు 30 కిలోహెర్ట్జ్. 1 మిల్లీమీటరుకి అది 120 దాటుతుంది. ఫిషర్ గోల్డ్ బగ్ 2 యంత్రం 71 కిలోహెర్ట్జ్‌తో, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 యంత్రం 45తో పనిచేయడానికి కారణం ఇదే. నాణేల కోసం ఎక్కువగా వాడే గ్యారెట్ ఏస్ 250 పనిచేసేది 6.5 కిలోహెర్ట్జ్ దగ్గర. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న 11.66 గ్రాముల వెండి రూపాయిలో కరెంటు వందల మైక్రోసెకన్లు బతుకుతుంది, దానికి తక్కువ పౌనఃపున్యమే చాలు. ఎక్కువ పెడితే వినిపించదని కాదు. వెండి, రాగి, పెద్ద ఇత్తడి ముక్క అన్నీ దాదాపు ఒకే వెనకబాటుతో జవాబిచ్చి ఒకచోట గుంపుగా చేరతాయి, ఏది ఏదో విడదీయలేం. ఎక్కువ పౌనఃపున్యంతో చిన్నది దొరుకుతుంది, పెద్దవాటి మధ్య తేడా పోతుంది. అందుకే బంగారానికి ఒకటి, నాణేలకి ఒకటి.

మన నాణేల గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు చెలామణిలో ఉన్న రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇనుప మేకుల గోల వద్దని యంత్రంలో ఇనుముని తీసేసే మీట నొక్కి బీచ్‌లో నడిస్తే ఈ బిళ్లల్ని కూడా చెత్తలో కలిపేసే అవకాశం ఉంది. పరదేశీ వీడియోల్లో చూపించిన సెట్టింగులు ఇక్కడ అలాగే వాడకూడదు.

ఇక నగలు. కాలమే కొలత అన్నది ఒప్పుకుంటే నగల విషయంలో ఆశ్చర్యాలు మొదలవుతాయి. పుస్తె పలచటి బిళ్లే అయినా కరెంటు చుట్టూ తిరగడానికి దారి ఉంది కాబట్టి చక్కగా దొరుకుతుంది. ఉంగరమూ అంతే. ఉంగరాన్ని ఒకచోట కత్తిరించి ఖాళీ వదిలితే బరువు తగ్గకపోయినా మోత మాత్రం బాగా పడిపోతుంది, ఎందుకంటే చుట్టూ తిరిగే దారి తెగింది. గొలుసు సంగతి ఇంకా దారుణం. ఒక కడీ నుంచి ఇంకో కడీకి కరెంటు సరిగా దాటదు. ఎన్ని కాసుల గొలుసయినా యంత్రం దృష్టిలో అది విడివిడి బుల్లి చుట్టల కుప్ప. బరువైన గొలుసు జారవిడుచుకున్నవాళ్లు, పక్కనే చిన్న ఉంగరం దొరికి గొలుసు దొరక్కపోతే యంత్రం పాడైందనుకుంటారు. యంత్రం బాగానే ఉంది. దీనికి తోడు నగల బంగారంలో రాగి, వెండి కలుస్తాయి. 18 క్యారెట్ల మిశ్రమంలో కరెంటు నడక స్వచ్ఛమైన బంగారం కన్నా చాలా కష్టం, అందుకే మోత ఇంకా త్వరగా ఆరిపోతుంది. దాని కాలం, కూల్‌డ్రింక్ డబ్బా మూతకుండే అల్యూమినియం రింగు కాలం దగ్గరదగ్గరగా ఉంటాయి. రింగులు తవ్వడానికి విసుగుపడే మనిషికి ఉంగరం కూడా దొరకదు.

ఇప్పుడు నల్లపూసల్లో గుచ్చే బోలు గుండు సంగతి చూద్దాం. అడ్డుకొలత 3 మిల్లీమీటర్లు, రేకు మందం 0.1 మిల్లీమీటరు, బంగారం స్వచ్ఛమైనదే అనుకున్నా దాని కాలం 2.6 మైక్రోసెకన్లు. ఈ అంకె గుర్తుంచుకోండి.

సముద్రపు నీరు కూడా కరెంటుని పోనిస్తుంది. బంగారంతో పోలిస్తే దాదాపు కోటో వంతే, కానీ తడి ఇసుక మీద నిలబడితే మన కింద, చుట్టూ ఉన్నదంతా అదే. అంత పెద్ద పరిమాణంలో పుట్టే కరెంటు బలంగానే మోగుతుంది, కొన్ని మైక్రోసెకన్లలో ఆరిపోతుంది. ఒకే పౌనఃపున్యంతో, అదీ ఎక్కువ పౌనఃపున్యంతో పనిచేసే వీఎల్ఎఫ్ యంత్రాన్ని అలల అంచుకి తీసుకెళ్తే ఆగకుండా కూస్తుంది. పల్స్ యంత్రం మాత్రం పది పదిహేను మైక్రోసెకన్లు ఆగి వింటుంది కాబట్టి అప్పటికి ఉప్పు మోత పోయి ఉంటుంది. గ్యారెట్ సీ హంటర్, వైట్స్ సర్ఫ్ పీఐ లాంటివి నీళ్లలో కూడా ప్రశాంతంగా ఉండేది అందుకే. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 లాంటివి ఒకేసారి పలు పౌనఃపున్యాలతో పనిచేస్తాయి. పౌనఃపున్యం మారితే ఉప్పు జవాబు ఎలా మారుతుందో ముందే తెలుసు కాబట్టి ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసి ఉప్పుని కొట్టేస్తాయి. బీచ్ మీద జారిపడిన ఉంగరాలు, నాణేలు రెండూ కావాలంటే నా ఓటు ఈ రకానికే. ఇనుముని కూడా కొంత వేరుచేయగలదు, పల్స్ యంత్రం ఆ పని సరిగా చేయలేదు.

అయితే బోలు గుండు 2.6 మైక్రోసెకన్లది. ఉప్పునీళ్లు ఆరే కాలమూ అదే తరహాది. ఉప్పుని వదిలించుకోవడానికి ఏ ఉపాయం పన్నినా, అది ఉప్పుతో పాటు గుండునీ వదిలించేస్తుంది. ఎంత ఖరీదు పెట్టినా ఇది తప్పదు, ఎందుకంటే లోపం యంత్రంలో లేదు, ఆ రెండిటి కాలాలు కలిసిపోవడంలో ఉంది. కాబట్టి ఉప్పాడ పూసలకి నా జవాబు డిటెక్టర్ కాదు, పళ్లెం. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు, మామూలు ఇసుకది 2.65 రెట్లు. నగల దుకాణాల వీధుల్లో మట్టి ఊడ్చి, నీళ్లలో కడిగి బంగారు రజను తీసేవాళ్లు తరతరాలుగా నమ్ముకున్నది ఈ తేడానే. చేత్తో ఇసుక గాలిస్తున్న ఉప్పాడ ఆడవాళ్లు తమ సరుకుకి సరైన పద్ధతే ఎంచుకున్నారు.

నేల విషయంలో సముద్రం కన్నా మొండిది ఎర్రమట్టి. ఆస్ట్రేలియా బంగారు భూముల్లో ఇనుప ఖనిజపు అతిచిన్న రేణువులు క్షేత్రం పోయాక కూడా కాసేపు అయస్కాంతాలుగా ఉండి నెమ్మదిగా మామూలవుతాయి. ఆ మట్టే మోగుతుందన్నమాట. కానీ ఆరే తీరు వేరు. లోహపు కరెంటు గడిచే ప్రతి సమాన వ్యవధికీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మట్టిది గడిచిన కాలానికి విలోమంగా తగ్గుతుంది: కాలం రెట్టింపైతే సగం, నాలుగు రెట్లయితే పావు. రెండు వేర్వేరు క్షణాల్లో విని, మట్టి వాటా సున్నా అయ్యేలా ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేస్తే లోహం మిగులుతుంది. డిటెక్టర్లు చేసే మైన్‌ల్యాబ్ కంపెనీలో బ్రూస్ క్యాండీ బృందం ఈ దారిలో నడిచి 1995లో ఎస్‌డీ 2000 అనే యంత్రాన్ని తెచ్చింది. అయితే ఆ తీసివేతలో ఒకానొక కాలం ఉన్న బంగారం కూడా సరిగ్గా సున్నా అయిపోతుంది. అందుకే తర్వాతి యంత్రాల్లో పల్స్ సమయాలు మార్చుకునే వీలు పెట్టారు. ఒక అమరికలో మాయమైన ముక్క ఇంకో అమరికలో బయటపడుతుంది. ఈ ఉపాయం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్లు కూడా ఈ యంత్రాల గురించి ఆరా తీస్తుంటారు. వజ్రం కరెంటుని పోనివ్వదు. అందులో మోత పుట్టదు. ఏ మెటల్ డిటెక్టరూ వజ్రాన్ని కనిపెట్టలేదు.

లోతు గురించి అమ్మేవాళ్లు చెప్పే మాటలు వింటే కోపం వస్తుంది. తీగచుట్ట నుంచి కాస్త దూరం వెళ్లాక క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది. లోహం ఇచ్చే జవాబు కూడా తిరిగి వచ్చేటప్పుడు అలాగే పడిపోతుంది. లోతు రెట్టింపైతే సంకేతం ఎనిమిదో వంతులో ఎనిమిదో వంతు, అంటే అరవై నాలుగో వంతు. ఒక నాణెం ఒక అడుగు లోతులో దొరికితే రెండడుగుల్లో వినడానికి 64 రెట్లు మెరుగైన యంత్రం కావాలి. 1980లో ఆస్ట్రేలియాలోని కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్‌కి దొరికిన 27.2 కిలోల బంగారు ముద్ద, 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' కూడా పైపైనే ఉంది. కానీ మన దగ్గర ముప్పై అడుగుల కింద ఉన్న బంగారాన్ని దూరం నుంచే చూపిస్తుందంటూ యాంటెన్నా తగిలించిన పిస్తోలు లాంటి పరికరాలు అమ్ముతారు. వాటిని నమ్మి గుప్త నిధుల ముఠాలు పాత గుళ్లు తవ్వుతున్నాయి, నంది విగ్రహాల పొట్టలు పగలగొడుతున్నాయి. బియ్యపు గింజల్ని లాగే ఇరిడియం చెంబు పేరుతో ఇళ్లు గుల్ల చేసేదీ ఇదే తరహా మనుషులు. శిల్పం ఒకసారి పగిలితే మళ్లీ రాదు. పైగా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి నేలలో దొరికితే కలెక్టరుకి తెలియజేయాల్సిందే.

అలాంటి పరికరం ఎవరైనా తెచ్చి చూపిస్తే ఒక పరీక్ష పెట్టండి. ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు పది తీసుకుని, ఒకదాంట్లో ఉంగరం పెట్టి, అన్నిటికీ మూతలు బిగించండి. పరికరం పట్టుకున్న మనిషిని గది బయటికి పంపి డబ్బాల వరుస మార్చాలి. వరుస మార్చినవాళ్లు ఆ తర్వాత గదిలో ఉండకూడదు. ఎందుకంటే తిరిగే యాంటెన్నాని తిప్పేది చేతిలోని సన్నటి కదలికే. తెలిసినవాళ్ల ముఖం చూస్తే ఆ చేయి తనకే తెలియకుండా అటు తిరుగుతుంది. ఇలా పదిసార్లు చేయించి, ఎన్నిసార్లు సరిగ్గా చూపించిందో కాగితం మీద రాసుకోండి. గుడ్డిగా చూపించినా సగటున పదిలో ఒకసారి సరిగ్గా తగులుతుంది.