రక్తాన్ని పలచన చేయని మాత్ర

వినాయక చవితి దాటి వానలు పట్టాయంటే, నెల్లూరులో జ్వరం తగిలిన ఇంటికి వెళ్ళినవారు ముందుగా అడిగేది "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనే. మూలాపేటలో మా బంధువుల ఇంట్లో డెంగీ వచ్చిన మనవడికి ఆ లెక్క నలభై వేలకు పడిపోయిందని అందరూ కంగారు పడుతున్న రోజునే, స్టెంట్ వేయించుకున్న తాత భోజనం కాగానే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్ళ వేసుకున్నారు. గాయం దగ్గర గుమిగూడి రక్తస్రావాన్ని ఆపే చిన్న రక్తకణాలే ప్లేట్‌లెట్లు. ఒకే ఇంట్లో ఒకరికి అవి పెరగాలి, మరొకరికి ఉన్నవి ఊరకుండాలి.

ఈ రెండు కొసలనూ తన జీవితంలో చూసిన శాస్త్రజ్ఞుడు గుస్తావ్ బోర్న్. 1921లో జర్మనీలోని గోటింగెన్‌లో పుట్టారు. తండ్రి మాక్స్ బోర్న్, నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త, సి.వి. రామన్ పిలుపు మీద బెంగళూరులో కొన్ని నెలలు పనిచేసింది ఆయనే. హిట్లర్ వచ్చిన 1933లోనే ఆ కుటుంబం దేశం విడిచింది. ఎడింబరోలో వైద్యం చదివి బ్రిటిష్ సైన్యంలో డాక్టరుగా జపాన్ వెళ్ళిన గుస్తావ్, హిరోషిమాలో బతికి బయటపడినవారు ప్లేట్‌లెట్లు లేక రక్తస్రావంతో బాధపడటం చూశారు. కొరతను చూసి మొదలుపెట్టిన మనిషికి పేరు మాత్రం అవి గుమిగూడే తీరును కొలిచినందుకు వచ్చింది.

ఆ కొలత ఎలాంటిదో పెన్నా వరద నీటిని బిందెలో పట్టుకున్నవారికి సులువుగా అర్థమవుతుంది. ఇండుపగింజను అరగదీసి ఆ నీళ్ళలో కలిపితే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, కాసేపటికి నీళ్ళు తేటపడతాయి. బోర్న్ రక్తాన్ని నెమ్మదిగా తిప్పి ఎర్రకణాలను అడుక్కి దించి, పైన మిగిలిన మసక పసుపు ద్రవాన్ని గాజునాళికలో 37 డిగ్రీల వద్ద కలియబెడుతూ, దాని గుండా వెలుతురు పంపారు. అందులో ఎడిపి అనే పదార్థం వేయగానే ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టాయి, ద్రవం తేటపడింది, వెలుతురు ఎక్కువగా దాటింది. 1962లో ప్రకటించిన ఈ పద్ధతి, అంతవరకు కంటి అంచనాగా ఉన్నదాన్ని అంకెల్లోకి తెచ్చింది. ఎర్రకణాల నుంచి వచ్చే ఎడిపికి ఆ గుణం ఉందని అంతకు ముందు ఏడాదే నార్వే శాస్త్రజ్ఞులు గుర్తించారు. కణాలకు శక్తినిచ్చే ఎటిపి అనే పదార్థం నుంచి ఒక ఫాస్ఫేటు ఊడితే మిగిలేదే ఎడిపి. ఆ ఎటిపిని 1929లో తోటి శాస్త్రజ్ఞుడు ఫిస్కేతో కలిసి వెల్లడించింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

కత్తిపీట మీద తెగిన వేలికీ, గుండె ధమనిలో పగిలిన కొవ్వు పొరకూ తేడా ప్లేట్‌లెట్టుకు తెలియదు. రెండు చోట్లా బయటపడిన, రక్తనాళపు గోడలోని కొలాజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, ఎడిపిని, థ్రోంబాక్సేన్ అనే మరో రసాయనాన్ని వదిలి తోటివాటిని పిలుస్తుంది. వేలి దగ్గర అది ప్రాణరక్షణ, ధమనిలో అదే గుండెపోటు. ఆస్పిరిన్ ఈ పిలుపులలో థ్రోంబాక్సేన్‌ను ఆపుతుంది. థ్రోంబాక్సేన్ పుట్టుకకు మూలమైన ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని ఆస్పిరిన్ అడ్డుకుంటుందని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ 1971లో చూపారు. బోర్న్ తరువాతి కాలంలో వేన్‌తో కలిసి లండన్‌లో పనిచేశారు. 1988లో 17,187 మంది రోగులపై వెలువడిన ఐసిస్-2 అనే వైద్య పరీక్షలో, గుండెపోటు అనుమానం ఉన్నవారికి నెలపాటు ఇచ్చిన ఆస్పిరిన్, గుండె, రక్తనాళాల వల్ల కలిగే మరణాలను దాదాపు 23 శాతం తగ్గించింది.

మనం "రక్తం పలచబడే మాత్ర" అంటాం గానీ, ఆస్పిరిన్ వేసుకున్నవారి రక్తం చిక్కదనం మారదు. కేంద్రకం లేని ప్లేట్‌లెట్టు, థ్రోంబాక్సేన్ తయారీకి కావలసిన ఎంజైమును ఆస్పిరిన్ చెడగొడితే, దాన్ని మళ్ళీ తయారుచేసుకోలేదు. తనకున్న ఏడు నుంచి పది రోజుల ఆయుష్షూ అలాగే గడుపుతుంది. అందుకే అంత చిన్న బిళ్ళ రోజుకు ఒకటి చాలు.

పేరులోని ఈ పొరపాటు చిన్నదేమీ కాదు. ఆ ఇంటి తాత పన్ను పీకించుకోవాలని, "రక్తం నీళ్ళలా కారిపోతుందేమో" అని భయపడి, ఎవరినీ అడగకుండా నాలుగు రోజులు బిళ్ళ మానేశారు. రోజుకు పదోవంతు చొప్పున కొత్తవి పుడతాయి గనుక, అప్పటికే ఆయన ప్లేట్‌లెట్లలో మూడోవంతుకు పైగా ఆస్పిరిన్ ఎరుగనివి, అంటే స్టెంట్ దగ్గర మళ్ళీ ముద్దకట్టగలవి. సంగతి విన్న పంటి డాక్టరు గుండె డాక్టరుకు ఫోన్ చేసి, బిళ్ళ అక్కడికక్కడే వేయించి, మరునాడు పన్ను తీసి, ఆ చోట దూది ఉంచి అరగంటసేపు గట్టిగా కరిచి పట్టుకోమన్నారు.