పొద్దుగూకితే మూగబోయే రేడియోలు

అమెరికా చిన్న ఊళ్లలోని కొన్ని ఏఎం (మన మీడియం వేవ్ లాంటివి) రేడియో స్టేషన్లకు ఒక వింత షరతు ఉంది. పొద్దుగూకగానే ప్రసారం ఆపేయాలి, లేదంటే పవర్ బాగా తగ్గించుకోవాలి. పగటిపూట మాత్రమే నడిచేవాటిని అక్కడ ‘డేటైమర్లు’ అంటారు. ఏ నెలలో ఎన్నింటికి ఆపాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో డిసెంబరు వస్తే సాయంత్రం ఐదైనా కాకముందే గొంతు మూసుకోవాలి. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఊరంతా చెవులు రిక్కించే కార్యక్రమం. సరిగ్గా ఆ వేళకి ఊరి రేడియో నిద్రపోతూ ఉంటుంది.

రూలు పెట్టింది ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థే గానీ, అసలు కారణం ఆకాశంలో ఉంది.

నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ‘డి’ పొర ఉంటుంది. ఎండ తగిలి అక్కడి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. ఏఎం తరంగం తాకితే అవి ఊగుతాయి. ఆ ఎత్తులో గాలి ఇంకా కొంత చిక్కగానే ఉంటుంది కాబట్టి ఊగిన ఎలక్ట్రాన్ వెంటనే ఏదో అణువును గుద్దుకుంటుంది. తరంగం తెచ్చిన శక్తి కాస్తా వేడిగా మారిపోతుంది. అందుకే పగలు మనకు అందేది నేలను అంటిపెట్టుకుని వచ్చే తరంగమే. సూర్యుడు దిగిపోగానే ఆ ఎలక్ట్రాన్లు మళ్లీ అణువులతో కలిసిపోయి, డి పొర దాదాపు మాయమవుతుంది. తరంగం అడ్డులేకుండా ఇంకా పైకి వెళ్తుంది. అక్కడి గాలి చాలా పలచన, గుద్దుకోవడాలు తక్కువ. శక్తి పెద్దగా పోకుండానే అది వంగి, వందల మైళ్ల అవతల నేల మీదికి దిగుతుంది.

దూరపు ఊళ్లకు వినపడితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ అమెరికాలో ఏఎంకి 540 నుంచి 1700 కిలోహెర్ట్జ్ దాకా ఉన్నవి 117 ఫ్రీక్వెన్సీలే, స్టేషన్లు నాలుగు వేలకు పైనే. అన్నీ రాత్రంతా ఫుల్ పవర్‌తో నడిస్తే ఎవరి మాటా ఎవరికీ అర్థం కాదు. 1230, 1240, 1340, 1400, 1450, 1490 ఫ్రీక్వెన్సీల్లో చిన్న స్టేషన్లు అలా ఇరుక్కునే ఉన్నాయి. రాత్రయితే అక్కడ గొంతులన్నీ కలిసిన గోల తప్ప ఏమీ మిగలదు. అందుకే రేడియోవాళ్లు వాటికి ‘శ్మశానం’ అని పేరు పెట్టుకున్నారు. చిన్నప్పుడు మా ట్రాన్సిస్టర్‌లో కూడా రాత్రి వార్తల అడుగున ఎక్కడిదో తెలియని భాష సన్నగా వినపడేది. బ్యాటరీలు అయిపోయాయనుకునేవాళ్లం, పాపం!

ఈ ఆకాశాన్ని లొంగదీద్దామని సిన్సినాటిలోని డబ్ల్యూఎల్‌డబ్ల్యూ స్టేషన్ ఒకసారి గట్టిగానే ప్రయత్నించింది. 1934లో ప్రయోగం పేరుతో 500 కిలోవాట్లతో ప్రసారం మొదలుపెట్టింది. మిగతా పెద్ద స్టేషన్లవి 50 కిలోవాట్లే. టవర్ చుట్టుపక్కల ఇళ్లలో కంచె తీగలు, చూరు గొట్టాలు పాటలు పాడేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాత్రిపూట దీని ధాటికి కెనడాలో పక్క ఫ్రీక్వెన్సీ మీదున్న టొరంటో స్టేషన్ వినపడకుండా పోయింది. దాంతో ఆ దిక్కుకు తరంగాలు తక్కువగా వెళ్లేలా అదనపు టవర్లు నిలబెట్టాల్సి వచ్చింది. ఒక్క స్టేషనే దేశాన్ని మింగేస్తోందని చిన్న స్టేషన్లవాళ్లు మొత్తుకున్నారు. 50 కిలోవాట్లు దాటొద్దని 1938లో సెనేట్ తీర్మానించింది, 1939లో ఆ ప్రయోగం ముగిసింది. ఆ హద్దు ఇవాళ్టికీ ఉంది. నన్నడిగితే ఊరి రేడియో బతికి బట్టకట్టడానికి అదీ ఒక కారణమే.

డేటైమర్లకు ఊరట ఎఫ్‌ఎం వైపు నుంచి వచ్చింది. ఏఎం కార్యక్రమాన్నే చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ మీద తిరిగి ప్రసారం చేసుకోవచ్చని 2009లో ఎఫ్‌సీసీ అనుమతిచ్చింది. ఎఫ్‌ఎం తరంగాలు మామూలుగా ఆ పై పొరల్ని చీల్చుకుని అంతరిక్షంలోకి పోతాయి, వంగి వెనక్కి రావు. కాబట్టి రాత్రయినా పక్క రాష్ట్రంతో తగువు లేదు. శుక్రవారం మ్యాచ్ ఊరికి దక్కింది.

2017 ఆగస్టు 21న అమెరికా అడ్డంగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. నీడ పడినచోట డి పొర పలచబడి, రేడియో పిచ్చివాళ్లకు పట్టపగలే దూరపు స్టేషన్లు కాసేపు వినిపించాయి. డేటైమర్లు మాత్రం మామూలుగానే మాట్లాడుతూ పోయాయి. వాటి లైసెన్సులో సూర్యాస్తమయాల పట్టికే ఉంటుంది, గ్రహణాలది ఉండదు.