కర్ర కదల్లేదు

చిట్టితల్లీ, పెద్దోడా,

మీ ఉత్తరం అందింది. పొద్దంతా మీ దస్తూరీ విప్పుకోవడానికే సరిపోయింది గానీ, ఆఖర్న చిట్టితల్లి రాసిన ప్రశ్న దగ్గర కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాను. "మలాకీ 3:6లో దేవుడు 'మార్పులేనివాడను' అన్నాడని మాతో కంఠతా పట్టించారు. ఆ రోజే యోనా కథలో దేవుడు పశ్చాత్తప్తుడై నీనెవెను నాశనం చేయకుండా మానేశాడని చదివాం. మనసు మార్చుకున్నాడుగా మరి? ఏది నిజం తాతయ్యా?"

ఇది తట్టకుండా ఆ రెండూ చదివినవాళ్ళు సగం నిద్రలో చదివినట్టే. దీనికి పండితులు చెప్పే పెద్ద మాటలు కొన్ని నాకూ వచ్చు. వాటి జోలికి పోను. ఒక కర్ర సంగతి చెబుతాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు పెరట్లో ఎండ బాగా పడేచోట మూరెడు కర్ర పాతాను. గడియారం కనిపెట్టేశానని నా ధీమా. నీడ కొస పడ్డచోట గులకరాయి పెట్టి, తమ్ముడికి చూపించి, గొప్పగా లోపలికి పోయాను. కాసేపటికి వచ్చి చూస్తే నీడ రాయి మీద లేదు, జానెడు పక్కకుంది. ఇంకేముంది, రాయి జరిపాడని తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చాను. వాడు జరపలేదని ఏడ్చాడు. అయితే కర్ర కదిపావన్నాను, ఇంకొకటిచ్చాను. ఆ గోలకి నాయనమ్మ వచ్చింది. తిట్టలేదు. ఇద్దర్నీ కర్ర పక్కనే కూర్చోబెట్టి, "నోరు మూసుకుని నీడను చూడండి" అంది.

చూశాం. ఏమీ కదల్లేదు. చూసి చూసి కళ్ళు గుంజాయి. ఇంతలో నీడ అంచున ఉన్న ఒక ఇసుక రేణువు తళుక్కుమంది. కాసేపటికి దాని పక్కది. నీడ వాటిని ఒక్కొక్కటే వదిలేసి పోతోంది. తమ్ముడు ఏడుపు మరిచిపోయాడు.

"రాయి కదల్లేదు, కర్ర కదల్లేదు, సూర్యుడూ నీ చుట్టూ తిరగట్లేదు. తిరుగుతోంది నువ్వు కూర్చున్న నేలరా" అంది నాయనమ్మ. పడిపోతానేమోనని రెండు చేతులతో నేలను పట్టుకున్నాను! నవ్వకండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుందనీ, భూమధ్యరేఖ మీద నిలబడ్డవాణ్ణి గంటకు 1,600 కిలోమీటర్లకు పైగా వేగంతో మోసుకుపోతుందనీ తర్వాత చదువుకున్నప్పుడు కూడా నా చేతులు అలాగే బిగుసుకున్నాయి.

ఆ రాత్రి నాయనమ్మ యాకోబు పత్రిక 1:17 చదివించింది. దేవునిలో "గమనాగమనములవలన కలుగు ఏ ఛాయయైనను లేదు" అని. ఛాయ అంటే నీడ.

ఇప్పుడు నీనెవెకు వద్దాం. చెడుతో నిండిన ఆ పట్టణాన్ని హెచ్చరించమని దేవుడు యోనా ప్రవక్తను పంపాడు. ఆ ఊరు సూర్యుడికి వీపు పెట్టి నిలబడింది అనుకోండి. ఎదురుగా కనిపించేది తన నీడే. 40 రోజుల్లో నాశనమని యోనా కేకేశాడే, ఆ నీడ గురించే. రాజు సింహాసనం దిగి గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా గోనెపట్టలే, మేత లేదు, నీళ్ళు లేవు. ఊరు ఊరంతా ఇటు తిరిగింది, మొహానికి ఎండ తగిలింది. సూర్యుడు కొత్తగా చేసిందేమీ లేదు. చెడును ఓర్వనివాడూ, తిరిగొచ్చినవాణ్ణి తోసేయనివాడూ ఆ ఒక్క దేవుడే, ముందూ తర్వాతా. ఏ జనమైనా చెడు మానితే తానూ కీడు చేయడం మానుతానని యిర్మీయా 18లో ఆయనే చెప్పాడు.

ఈ సంగతి నాకంటే యోనాకు బాగా తెలుసు. 4:2 తీయండి. మొదట నీనెవెకు పోకుండా తర్షీషు అనే దూరపు ఊరికి ఎందుకు పారిపోయాడో అక్కడ తనే ఒప్పుకుంటాడు. 'నువ్వు జాలిగలవాడివి, కీడు చేయక మానతావని నాకు ముందే తెలుసు' అంటాడు. చూశారా, దేవుడు మారడని తెలిసే పారిపోయాడు! సీనాయి కొండ మీద దేవుడు మోషేకు తన గురించి చెప్పుకున్న మాటల్నే తిరిగి ఆయన మీద ఫిర్యాదుగా అప్పజెప్పాడు. ఇంత తిక్క ప్రవక్త ఇంకొకడు లేడు, అందుకే నాకిష్టం. దేవుడు కూడా అతన్ని కోప్పడలేదు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమందికి పైగా ఉన్న ఊరు, అన్ని పశువులున్న ఊరు, జాలిపడవద్దా అని అడిగాడు. పుస్తకం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

పెద్దోడా, నువ్వు అంచున ఇరికించి రాసింది కూడా చూశాను. 1 సమూయేలు 15లో 11వ వచనం దేవుడు పశ్చాత్తాపపడ్డాడంటుంది, 29వ వచనం పశ్చాత్తాపపడడంటుంది. పద్దెనిమిది వచనాల్లో రాసినవాడు మరిచిపోతాడా? హీబ్రూలో రెండు చోట్లా 'నాహం' అనే మాటే. బాధపడటానికీ, మనసు మార్చుకోవడానికీ, ఓదార్పు పొందటానికీ అదే మాట. తాను రాజును చేసిన సౌలు చెడిపోయినందుకు దేవుడు బాధపడ్డాడు. మనుషుల్లా పూటకో మాట మాత్రం అనడు. మారడంటే రాయిలా ఉంటాడని కాదు నాన్నా, రాయికి ఎవరి మీదా జాలి ఉండదు.

కాబట్టి దేవుడు మునుపటిలా లేడనిపించిన రోజున, తమ్ముడి వీపు వాయించే ముందు, మనం ఎటు తిరిగి ఉన్నామో చూసుకోవాలి. ప్రతిసారీ అదే కారణమని కాదు, తప్పు చేయకుండానే కష్టాలు పడ్డ యోబుది వేరే కథ. యూదా రాజు హిజ్కియా రోజుల్లో నీడ పది మెట్లు వెనక్కి పోయిందిగా అంటారేమో, దానికి వేరే ఉత్తరం రాస్తాను.

నా పోలికకు ఇంకో చిల్లుంది, మీరు కనిపెట్టకముందే చెప్పేస్తాను. సూర్యుడూ మారుతున్నాడు. ఆయన మీది మచ్చలు దాదాపు 11 ఏళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి. సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా తన బరువే వెలుగై పోతోంది. 102వ కీర్తన రాసినాయన ఈ లెక్కలేవీ లేకుండానే, ఆకాశాలు బట్టల్లా పాతబడతాయి, "నీవు ఏకరీతిగా నుండువాడవు" అన్నాడు. పాతబడనిది ఎలా ఉంటుంది? నేను చూసినవన్నీ పాతబడ్డవే. నా కళ్ళజోడు, నా మోకాళ్ళు, నాయనమ్మ బైబిలు అట్ట, ఆ తమ్ముడు కూడా. నా కర్ర ఇక్కడిదాకానే వస్తుంది.

రేపు పొద్దున ఎండ రాగానే మీరూ ఒక కర్ర పాతండి. నిటారుగా. రాయి పెట్టి లోపలికి పోకండి, అక్కడే కూర్చోండి. కొట్టుకోకండి. మొదటి రేణువు వెలుగులోకి రావడం ముందు ఎవరు చూశారో నాకు రాయండి.

మీ తాతయ్య